బాగు చెయ్యమంటే

నా ఎడమ చెవి సన్న తీగల శబ్దం పట్టడం మానేసింది. కుడిది ఇంకా పనిచేస్తోంది. కానీ ఒంటి చెవితో శ్రుతి చూసేవాడికి గిటార్ ఇవ్వకండని నేనే ఊరందరికీ చెప్పేవాణ్ణి. ఆ మాట నాకు మాత్రం వర్తించదా? అందుకే వైశాలి నగర్‌లో దుకాణం వదిలేసి ఇంట్లో కూర్చున్నాను. కూర్చుంటే మా ఆవిడకి అడ్డం. "ఏదో ఒకటి రాయరాదా, ఆ కుర్రాళ్ళకి పనికొస్తుంది" అంది.

ఆ కుర్రాళ్ళంటే ఇప్పుడు భిలాయ్‌లో గిటార్లు రిపేరు చేస్తున్నవాళ్ళు. బాబూ, మీలో సగం మందికి తెలుగు మాట్లాడ్డం వస్తుంది, చదవడం రాదు. పర్లేదు, ఇంట్లో అమ్మమ్మ చేత చదివించుకోండి. ఆవిడకి మీకంటే బాగా అర్థమవుతుంది. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

ఎన్ని వాద్యాలు చేశాను, ఎవరు శాలువా కప్పారు, అవన్నీ రాయను. ఒక్క గిటార్ సంగతి చెబుదామని కూర్చున్నాను. అది చెప్పాలంటే ముందు మా మాస్టర్జీ సంగతి చెప్పాలి.

విప్పే ముందు

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి భిలాయ్ ఉక్కు ప్లాంటులో చేరాడు. నన్ను ఇంజనీర్ని చేద్దామనుకున్నాడు. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయింది. లెక్కలు రాలేదు, చేతిపని వచ్చింది. మాస్టర్జీ దుకాణంలో చేరాను.

మాస్టర్జీ ఛత్తీస్‌గఢీ మనిషి. ప్లాంటులో ఇనుము పోసే అచ్చులకి చెక్క నమూనాలు చేసే షాపులో పనిచేసి, పై అధికారితో పడక మానేసి, వాద్యాల దుకాణం పెట్టుకున్నాడు. మంచివాడని చెప్పను. నోరు పరమ చెడ్డది. భోజనం వేళ ఎవరైనా కొనడానికి వస్తే తిట్టి పంపేవాడు. జీతం పెంచమంటే వారం రోజులు మాట్లాడేవాడు కాదు. ఇలాంటి యజమాని దగ్గర మీరైతే నెల కూడా ఉండరు, ఉండమని నేనూ చెప్పను. కానీ పని ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

నేను స్క్రూడ్రైవర్ పట్టుకుంటే చాలు, "తైం కాబర్ ఖోలత్ హస్?" అని చేతిమీద ఒకటి వేసేవాడు. నువ్వెందుకు విప్పుతున్నావు అని. జవాబు చెప్పాకే విప్పాలి. ఆయనకి రెండే నియమాలు. వాద్యం ఎవరు వాయిస్తారో వాళ్ళని ఎదురుగా కూర్చోబెట్టి, వాయించమని, వినాలి. ఆ తరవాతే విప్పాలి. తీసిన పాత భాగం పారెయ్యకుండా, కాగితంలో చుట్టి వాళ్ళ చేతిలో పెట్టాలి.

మొదట్లో ఒకసారి, ఫర్నేసు దగ్గర పనిచేసే ఆయనొకడు మాండలిన్ ఇచ్చి వెళ్ళాడు. తీగలు మరీ కిందకి ఉండి గరగరలాడుతున్నాయి. నేను పైకి లేపి, గరగర పోగొట్టి, మెప్పు కోసం చూస్తూ నిలబడ్డాను. ఆయన వచ్చి రెండు నిమిషాలు వాయించి కింద పెట్టేశాడు. ఆయన వేళ్ళు ఎప్పుడో కాలి బిగుసుకుపోయాయి, గట్టిగా నొక్కలేడు. అందుకని తీగలు తనే దించుకుని, గరగర ఉంటే ఉందిలే అని వాయించుకుంటున్నాడు. మాస్టర్జీ ఆ రోజు ఆ తీగలు మళ్ళీ నా చేతే దింపించాడు.

తరవాత సొంత దుకాణం పెట్టుకున్నాక, ఈ నియమాలు నా దగ్గర పనిచేసిన అందరికీ చెప్పాను. చెప్పడానికేముంది, చెప్పడం తేలికే.

పళ్ళెం గిటార్

రెజొనేటర్ గిటార్ మీలో చాలామంది చేత్తో పట్టుకుని ఉండరు. మా దుకాణంలో దాన్ని పళ్ళెం గిటార్ అనేవాళ్ళం. మామూలు గిటార్‌కి కన్నం ఉండే చోట దీనికి కన్నాల పళ్ళెం బిగించి ఉంటుంది. పళ్ళెం కింద పల్చటి అల్యూమినియం కోను, బోర్లించిన మూకుడులా. ఆ కోను నెత్తిన చిన్న గుండ్రటి చెక్క. దాన్ని బిస్కట్ అంటారు, తినేది కాదు. బిస్కట్ మీద శాడిల్ అనే సన్న పట్టీ, శాడిల్ మీద తీగలు. తీగ కదిలితే కోను కదులుతుంది, శబ్దం కోనులోంచి వస్తుంది. చెక్క గిటార్‌కి చెక్క ఎంతో దీనికి కోను అంత.

కాబట్టి ఈ గిటార్ గొంతు మార్చడం మనిషి చేతిలో పని. ఎముక శాడిల్ వేస్తే పదును వస్తుంది. బిస్కట్ గట్టి చెక్కతో చేస్తే స్వరం విడివిడిగా పలుకుతుంది. తీగలు లావువి వేస్తే బరువు వస్తుంది. కోను మారిస్తే అసలు మనిషే మారిపోతాడు. ఒక మాట గుర్తుపెట్టుకోండి. ఒక్కసారి ఒక్కటే మార్చండి, వారం వినండి, తరవాతే రెండోది. అన్నీ ఒకేసారి మార్చి, దేనివల్ల ఏమొచ్చిందో తెలియక జుట్టు పీక్కునేవాళ్ళని చాలామందిని చూశాను.

అలాంటివాడే ఒక ప్లాంటు ఆఫీసరు. కుర్రాడు, మన తెలుగువాడే, ఫోన్‌లో వీడియోలు చూసి చూసి వచ్చాడు. "అంకుల్, సబ్ కుఛ్ అప్‌గ్రేడ్ చేసేయండి" అన్నాడు. ముందు రోజూ కాసేపు సాధన చెయ్యి నాయనా అంటే మొహం చిన్నబుచ్చుకున్నాడు. సరే అని బయటినుంచి మంచి కోను ఒకటి తెప్పించాను. చేత్తో తీర్చిన కోను, కాగితంలా పల్చన, వేలితో తడితే గుడిగంటలా చాలాసేపు మోగేది. అది చేరేసరికి ఆయనకి వేరే ఊరు బదిలీ అయింది. ఉంచేయండి అంకుల్ అని ఫోన్ చేసి చెప్పేశాడు.

ఆ కోను నా ఎదురు అల్మరాలో కూర్చుంది. రోజూ ఒకసారి తీసి తట్టి వినేవాణ్ణి. పనివాడికి మంచి వస్తువు ఖాళీగా కనబడితే చేతులు దురద పెడతాయి. ఆ దురద ఉందని నాకు తెలుసు. తెలిసీ గోక్కున్నాను.

సుగుణమ్మ పిన్ని

భిలాయ్ పక్కనే ఉతైలో సొంత ఇల్లు కట్టుకుని ఉండేవాళ్ళు జోజప్ప బాబాయి, సుగుణమ్మ పిన్ని. చుట్టరికం లేదు, మా నాన్న కాలం నుంచి పరిచయం. వాళ్ళు క్రైస్తవులు, విజయనగరం వైపు వాళ్ళు. బాబాయి రైలింజను నడిపి రిటైరయ్యాడు. మనిషి పెద్ద గొంతుతో మాట్లాడేవాడు. ఇంజన్లో అలవాటనుకునేవాణ్ణి. ఆయన దగ్గర పాత పళ్ళెం గిటార్ ఉండేది. ఒళ్ళో పడుకోబెట్టుకుని, స్టీలు రాడ్డు జార్చి వాయించేవాడు. పిన్ని పాడేది. ప్రతి క్రిస్మస్‌కి తెలుగు చర్చిలో వాళ్ళ పాట ఉండి తీరాలి. నేనెప్పుడూ వినలేదు. మధ్యాహ్నం వెళ్ళి కేకు తిని వచ్చేవాణ్ణి.

ఒక శీతాకాలం పిన్ని ఆటోలో గిటార్ పెట్టె వేసుకుని దుకాణానికి వచ్చింది.

"రాజుబాబూ, ఇది కొంచెం బాగు చేసి ఉంచు నాయనా. మీ బాబాయి ముట్టుకోనియ్యడు గానీ, లోపలంతా బూజూ దుమ్మూ. మేం మా చెల్లి ఇంటికి విజయనగరం వెళ్తన్నాం. క్రిస్మస్‌కి వచ్చీస్తాం."

"బాబాయి ఒకసారి వచ్చి వాయించి చూపిస్తే బాగుండును పిన్నీ."

"రేపే రైలు. ఆయన సంచులు సర్దుకుంటన్నాడు. నీకు తెలీనిదేటి, బాగు చేసీ."

వెళ్ళిపోయింది. నేను తీగలు మీటి చూశాను. బొంగురు. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు, మీటిన వెంటనే స్వరం కూర్చుండిపోతోంది. పళ్ళెం విప్పాను. కోను మందంగా, పాతబడి, ఒకవైపు సొట్టపోయి కుంగి ఉంది. బిస్కట్‌కి సన్న పగులు. దుమ్ము సంగతి పిన్ని చెప్పినట్టే ఉంది. ఆ క్షణాన మాస్టర్జీ బతికి ఉండి చేతిమీద ఒకటి వేసి ఉంటే బాగుండేది. నువ్వెందుకు విప్పుతున్నావని అడిగేవాళ్ళు ఎవరూ లేరు. బాగు చెయ్యమంది, చేస్తాను. పాపం పెద్దవాళ్ళు, ఇన్నాళ్ళూ ఈ దగ్గు గిటార్‌తో నెట్టుకొచ్చారు, ఆశ్చర్యపోవాలి అనుకున్నాను.

అల్మరాలోంచి ఆ కోను తీశాను. కొత్త బిస్కట్, ఎముక శాడిల్, లావు తీగలు. ఒక్కొక్కటే మార్చమని ఇప్పుడే మీకు చెప్పిన పెద్దమనిషి అన్నీ ఒకేసారి మార్చాడు. అలాంటి పని నా జన్మలో మళ్ళీ చేయలేదు. పనిగా చూస్తే దానికి వంక పెట్టలేరు. మీటితే దుకాణం అద్దాలు పలికేవి.

క్రిస్మస్ పొద్దున

వాళ్ళ రైలు ఆలస్యమై పండగ ముందురోజు దిగారు. గిటార్ తిన్నగా చర్చికే తెస్తానని ఫోన్‌లో చెప్పాను. పొద్దున పట్టుకెళ్ళి బాబాయి ఒళ్ళో పెట్టి, పాత కోను కాగితంలో చుట్టినది పిన్ని చేతిలో పెట్టాను. ఆ నియమం మాత్రం పాటించాను మరి.

"ఇదేటి?" అంది.

"లోపలిది పిన్నీ. పాతది. మార్చీసాను."

"మార్చావా?" అంది. అప్పటికే వాళ్ళని పిలిచారు.

బాబాయి మొదటి తీగ మీటాడు. మీటి ఆగిపోయి గిటార్ వైపు చూశాడు. మళ్ళీ మీటాడు. ఆయన మొహం విచ్చుకుంది, అలాంటి నవ్వు పెద్దవాళ్ళ మొహాన అరుదుగా చూస్తాం. ఇంక తల ఎత్తలేదు. పాట మొదలైంది. పిన్ని గొంతులో సన్నని జీర. మెత్తటి గొంతు, పెద్దది కాదు. మొదటి చరణం సగందాకా వినబడింది. తరవాత ఆ కోను మోత హాలంతా నిండిపోయింది. పిన్ని గొంతు పెంచింది. పెంచితే పగిలింది. ఒకటి రెండుసార్లు బాబాయి వైపు చూసింది. ఆయన చూడలేదు. పుస్తకం మూసి, చీర సర్దుకుని, బెంచీ మీద కూర్చుండిపోయింది. ఆయన పాట చివరిదాకా ఒక్కడే వాయించాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

బయటికొచ్చి నన్ను వాటేసుకున్నాడు. "ఒరే రాజూ, నా గిటార్ నాకు వినబడిందిరా. ఎన్నాళ్ళకో వినబడింది" అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. వెనకాల పిన్ని కేకు ముక్కలు పంచుతోంది. నాకు సంతోషం వెయ్యలేదు. ఏదో చెడగొట్టానని తెలుస్తోంది, ఏమిటో తెలియడం లేదు.

చేపలు, బియ్యం

పండగయ్యాక ఉతై వెళ్ళాను. బాబాయి వరండాలో వాయించుకుంటున్నాడు. పిన్ని వంటింట్లో పీట వేసి కూర్చోబెట్టింది.

"ఆయనకి చెవులు పోయి చాలా కాలమయ్యింది నాయనా. ఇంజను గోల తినీసింది. ఎవరికీ చెప్పడు, నాకూ చెప్పలేదు. నేనే కనిపెట్టాను. నా నోరు చూసి వాయించేవాడు. పెదవి ఎక్కడుంటే చెయ్యి అక్కడుండేది. పాట అయ్యేదాకా నా మొహం మీంచి కళ్ళు తిప్పేవాడు కాదు." వరండా వైపు చూసింది. "ఇప్పుడు చూడక్కర్లేదు కదా."

ఫోన్ తీసి, కిందటేటి క్రిస్మస్ పాట, ఎవరో తీసి పంపినది, వినిపించింది. నేను దుకాణంలో కూర్చుని దగ్గనుకున్న ఆ బొంగురు, పిన్ని జీర కింద పరుపులా ఉంది. మీటగానే స్వరం కూర్చుండిపోతోందని కదా నేను వంక పెట్టింది? అది పిన్ని మాటకి చోటిచ్చి తప్పుకుంటోంది. ఆ సొట్ట కోనూ, ఆ గొంతూ కలిసి ముసలివయ్యాయి. రెంటినీ ఒకేసారి విననిదే ఆ సంగతి ఎవడికీ తెలియదు. నేను ఒకటే విన్నాను.

"నువ్వే కదా పిన్నీ బాగు చెయ్యమన్నావు" అన్నాను. సిగ్గులేని మాటే, కానీ నోటికొచ్చింది.

"బాగు చెయ్యమన్నాను గానీ మార్చమన్నానేటి? చేపలు బాగు చేస్తాం. బియ్యం బాగు చేస్తాం. రాళ్ళూ పొలుసులూ తీస్తాం. అంతేగానీ కొత్త చేప తెచ్చి పెడతామేటి?"

మా అమ్మ కూడా రోజూ బియ్యం బాగు చేసేది. చేట ముందేసుకుని, ఆ మాటే అంటూ. ఆ మాట వింటూనే పెరిగాను. కానీ బడీ, బజారూ, దుకాణం అంతా హిందీ. 'ఠీక్ కరో' అంటే రిపేరు. బాగు చెయ్యి అన్నా నా చెవిలో ఠీక్ కరో అనే పడుతుంది. శుభ్రం చెయ్యమన్న మాట రిపేరుగా వినబడింది, రిపేరు నా దురదవల్ల అప్‌గ్రేడ్ అయింది. మీ ఇళ్ళలో అమ్మమ్మలకి ఇది అర్థమవుతుందని అందుకే అన్నాను.

"పాతది ఇచ్చీ పిన్నీ. ఇవాళే వేసి తెస్తాను. కొత్తది తీసీస్తాను."

పిన్ని లేచి పెరట్లోకి రమ్మంది. కుళాయి పక్కన రెండు ఇటుకల మీద నేను కాగితంలో చుట్టి ఇచ్చిన పాత కోను వెల్లకిలా పెట్టి ఉంది. అందులో మట్టి, మట్టిలో పుదీనా కొమ్మలు గుచ్చి ఉన్నాయి. నీళ్ళు కారడానికి అడుగున మేకుతో చిల్లులు పొడిచి ఉన్నాయి.

"నువ్వు ఊరుకోవని తెలుసు. ఆయనకి వినబడతంది, ఉండనియ్యి. నేను చాలా పాడాను" అంది.

నేను అక్కడే ఏడ్చాను. వరండాలోంచి బాబాయి పెద్దగా, "రాజూ, మీ పిన్నికి చలికి గొంతు పట్టీసిందిరా. గిటార్‌కి గొంతొచ్చింది, ఈవిడకి పోయింది" అని నవ్వుతున్నాడు. పిన్ని కూడా నవ్వింది.

తరవాత ఎప్పుడు కనబడినా బాబాయి నన్ను నలుగురికీ చూపించి మెచ్చుకునేవాడు. తిట్టు తిని ఊరుకోవడం మాస్టర్జీ నేర్పాడు. ఈ మెప్పు తిని ఎలా ఊరుకోవాలో ఎవరూ నేర్పలేదు. ఆయనకి మేలు జరిగింది కదా అని మా ఆవిడ అంటుంది. నిజమే. ఆయన సంతోషం అబద్ధం కాదు. కానీ ఒకరి కోసం ఇంకొకరు నోరు మూసుకునేలా చేశానే, అది నా చేతిపనే. చేతులు కాలాక ఆకులు పట్టుకుందామనుకుంటే ఆకులకి కూడా చిల్లులు పెట్టేసింది పిన్ని.

మళ్ళీ వచ్చింది

బాబాయి వానాకాలంలో పోయాడు. చివరి వారం దాకా వాయించాడు. కొన్నాళ్ళకి పిన్ని అదే పెట్టె ఆటోలో వేసుకుని దుకాణానికి వచ్చింది. బల్లమీద పెట్టి, "బాగు చెయ్యి నాయనా" అంది.

ఈసారి అడిగాను. "ఏ బాగు పిన్నీ?"

"చేపల బాగే" అంది.

"కావాలంటే మందపాటి పాత కోను ఎక్కడైనా వెతుకుతాను. లోపల కాస్త గుడ్డ వేసినా నెమ్మదిస్తుంది. ఇప్పుడైనా నీ గొంతుకి తగ్గట్టు..."

"వద్దు. ఆయన నవ్వుకుంటా విన్నది ఇదే."

పళ్ళెం విప్పాను. మెత్తటి కుంచెతో దుమ్ము దులిపాను, కోను పొడిగుడ్డతో తుడిచాను, పళ్ళెం మూసి స్క్రూలు బిగించాను. ఇంకేమీ చెయ్యలేదు. తీగలు శ్రుతి చేస్తుంటే సన్న తీగ దగ్గర చిక్కొచ్చింది. మీటుతున్నాను, సరిగ్గా ఉందో లేదో నా ఎడమ చెవికి అందడం లేదు, కుడిదాన్ని ఒక్కదాన్నే నమ్మలేను. అంతకుముందు నుంచే అనుమానం ఉంది, ఆ రోజు ఖాయమయింది. ఏం చెయ్యాలో తెలియక పిన్ని మొహం వైపు చూశాను.

పిన్ని నన్ను కాసేపు అలా చూసింది. ఆవిడకి తెలిసిపోయింది. ఆ చూపు ఆవిడకి కొత్త కాదు కదా. నా వైపు తిరిగి, నోరు బాగా తెరిచి, ఆ ఒక్క స్వరం జీరగా పట్టి నిలబెట్టింది. ఆవిడ నోరు చూస్తూ తీగ బిగించాను. సరిపోయినచోట తల ఊపింది.

"ఒక్క చరణం పాడవా పిన్నీ" అని అడగాల్సింది. అడగలేదు. పెట్టె ఆటోలో పెట్టి పంపించాను. మర్నాడు దుకాణం తాళాలు ఇచ్చేశాను.